ఎండను కిటికీ బయటే ఆపాలి
దిక్కును బట్టి నీడ కల్పిస్తే కరెంటు ఆదా

విజయవాడ: వేసవి వచ్చిందంటే పడమటి గదుల్లో ఉండేవారి అవస్థ చెప్పనలవి కాదు. మధ్యాహ్నం మూడు గంటలకు మొదలైన ఉడుకు రాత్రి పొద్దుపోయినా తగ్గదు. ఏసీ వేసినా గది ఒక పట్టాన చల్లబడదు, మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది. బయటి వడగాలికి తోడు, కిటికీ గుండా నేరుగా లోనికి వచ్చే ఎండే ఇందుకు ప్రధాన కారణం.

అద్దం ఎండను లోనికి రానిస్తుంది. ఆ ఎండకు కాగిన నేల, గోడలు, సామాను విడిచే వేడిని మాత్రం తేలిగ్గా బయటకు పోనివ్వదు. లోపల కర్టెన్లు వేసినా, అవి పీల్చుకున్న వేడి చాలావరకు గదిలోనే మిగిలిపోతుంది. అందుకే అద్దాన్ని తాకకముందే ఎండను అడ్డుకోవాలి.

దక్షిణాన సన్‌షేడ్ చాలు

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి రెండడుగుల సన్‌షేడ్ దక్షిణపు కిటికీని పూర్తిగా కాపాడుతుంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుని ఎత్తు సుమారు 50 డిగ్రీలే. అప్పుడు అదే సన్‌షేడ్ కింద నుంచి నులివెచ్చని ఎండ లోనికి వస్తుంది.

పడమర సంగతి వేరు

మే నెల సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. రెండడుగుల సన్‌షేడ్ నీడ అప్పుడు గోడపై అడుగున్నర కూడా పడదు. నాలుగడుగుల కిటికీలో సగానికి పైగా ఎండ పాలే. ఇక్కడ కావలసింది నిలువు అడ్డు. కిటికీ బయట వెదురు తడిక, సిమెంటు జాలీ, వసారా, కాస్త దూరంలో కానుగ చెట్టు... ఏదైనా ఫలితమిస్తుంది. ఉదయపు ఎండ పడే తూర్పు కిటికీలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పెంకుటిళ్లలో కిందికి వాలిన చూరు, వట్టివేళ్ల తడికలు చేసిన పని ఇదే.

హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనంలోనూ జాలీ గోడలను వాడారు. కేంద్రం 2018లో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి చేరే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని నిర్దేశించింది. ఈ లెక్కలో బయటి నీడకూ స్థానం ఉంది.

అద్దె ఇళ్లవారు కిటికీ వెలుపల, గాలి ఆడేలా కొద్ది ఎడంతో తడిక కట్టుకున్నా ఉపశమనం కలుగుతుంది. కొత్తగా ఇల్లు కట్టేవారు ప్లాను గీయించేటప్పుడు వాస్తుపై చూపే శ్రద్ధలో కొంత పడమటి కిటికీపై పెడితే, ఏటా వేసవి బిల్లులో ఆ తేడా కనిపిస్తుంది.