మీకు తెలుసా? పేపర్ కుర్రాళ్లు గెలిచింది ధర మీద కాదు

డిస్నీ 1992లో తీసిన సంగీత చిత్రం ‘న్యూసీస్’లో పత్రికాధిపతి పులిట్జర్ చివరికి కుర్రాళ్లకు లొంగుతాడు. ఆ సమ్మె కల్పన కాదు. 1899 జూలైలో న్యూయార్క్ వీధుల్లో పేపర్లు అమ్మే పిల్లలు రెండు వారాలపాటు పులిట్జర్ ‘వరల్డ్’నూ, హర్‌స్ట్ ‘జర్నల్’నూ ముట్టుకోలేదు. అంతకుముందు స్పెయిన్‌తో అమెరికా యుద్ధం నడిచినప్పుడు ఆ రెండు పత్రికలూ కుర్రాళ్లకు అమ్మే నూరు కాపీల ధరను 50 సెంట్ల నుంచి 60కి పెంచాయి. యుద్ధం ముగిసినా తగ్గించలేదు. సమ్మె తరవాతా ఆ ధర తగ్గలేదు. అమ్ముడుపోని కాపీలు వెనక్కి కొనడానికి మాత్రం యజమానులు ఒప్పుకున్నారు.

ధర తగ్గనప్పుడు అది ఓటమే కదా అనవచ్చు. లెక్క వేసి చూడండి. కాపీ అమ్మకం ధర ఒక సెంటు. నూరు కొని ఎనభై అమ్మిన కుర్రాడికి పాత ధరలో మిగిలేది 30 సెంట్లు. మిగిలిన ఇరవై కాపీల నష్టం అతని నెత్తినే. కొత్త ధరలో, కొన్న ధరకే ఆ ఇరవై తిరిగిస్తే 32 సెంట్లు. నూరూ అమ్మగలిగినవాడికి పది సెంట్లు నష్టమే, నిజం. కానీ వాన పడిన రోజు, సంచలన వార్త లేని రోజు అర్ధరాత్రిదాకా వీధిలో నిలబడే చిన్నపిల్లలకు కావలసింది ఈ రక్షణే. వెనక్కి కొనే ఈ ఒప్పందం సినిమాలో కనిపించదు. పాటల సినిమాలో ఇంత లెక్క ఇమడదని కొందరంటారు. రెండు గంటలు నడిచిన చిత్రానికి ఒక్క సంభాషణ చాలేది. ఆ పిల్లలు సాధించిన అసలు హక్కును వదిలేయడమే ఈ సినిమాలో పెద్ద లోపం.