గౌతమీతీరమున ఒక పూట: యానాం

చీమకుర్తినుండి ద్రాక్షారామమునకు పోవు యాత్రికులకు, కొంచెము చుట్టైనను, యానాం చూడదగిన మజిలీ. ఒంగోలున రైలెక్కి సామర్లకోటలో దిగి, కాకినాడనుండి బస్సులో పోవుచు మేమచ్చట ఒక పూట నిలిచితిమి. మాటలాడు భాష మనదే. వరిచేలును కొబ్బరితోటలును గోదావరి సీమవే. కాని చుట్టును ఆంధ్రప్రదేశ్ ఆవరించియున్న ఆ సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల పుదుచ్చేరిలోని భాగము. దాని రాజధాని 870 కిలోమీటర్ల దూరమున తమిళదేశమందున్నది.

ఇట్లేల జరిగెనన్న ప్రశ్నకు నదియే మొదటి సమాధానము. గౌతమినుండి కోరంగి పాయ చీలుచోట, సముద్రమునకు సమీపమున ఈ యూరున్నది. నేతబట్టల వర్తకమునకై ఫ్రెంచివారు 1723లో ఇచ్చటికి వచ్చిరి. లాభము కానరాక 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. అటుపిమ్మట వారి దృష్టి వర్తకముతో ఆగలేదు. 1750 తరువాత కొద్ది యేండ్లలోనే మన కొండవీడు, నిజాంపట్నము మొదలు శ్రీకాకుళము దాక వారి యధికారము ప్రాకెను. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమునను, మరుసటి యేప్రిలులో మచిలీపట్నమునను ఓడుటతో అదంతయు పోయినది. ఆంగ్లేయులు పలుమారులు పట్టుకొనిన యానాము మాత్రము, 1814 నాటి పారిస్ సంధి ననుసరించి, తిరిగి ఫ్రెంచివారికి దక్కినది. అయితే కోట కట్టరాదు, కావలికి వలసినంతకన్న సైన్యముంచరాదు. అనగా మిగిలినది బలము కాదు, ఒక పొలిమేర మాత్రమే.

ఆ పొలిమేరయే యూరికి బ్రతుకు తెరువైనది. మంగళవారపు సంతలో విదేశీ వస్తువులకై చుట్టుప్రక్కల తెలుగువారు మూగెడివారు. అంతకన్న విచారింపదగిన సంగతి మరియొకటి కలదు. బాలికలకు 14 యేండ్లు నిండనిదే వివాహము చేయరాదని శారదా చట్టము 1929లో వచ్చెను. అది బ్రిటిషు ఇండియా చట్టము. యానాము గట్టుపై దానికి చెల్లుబాటు లేదు. కావున బ్రిటిషు జిల్లాలనుండి పెండ్లిబృందములు పసిబిడ్డలను వెంటబెట్టుకొని యిచ్చటికి తరలివచ్చెడివి. యానాముకు కల్యాణపురమను పేరట్లు కలిగినది. వినుటకు ముచ్చటైన పేరే! ఆ పీటలమీద కూర్చుండినవారిలో ఎందరికి ఏమి జరుగుచున్నదో తెలిసియుండును? చట్టమును తప్పించుకొనుటకు పెద్దలకు కావలసినది ఒక సరిహద్దు రాయి మాత్రమే.

1954 జూన్ 13న దడాల రఫాయేల్ రమణయ్య ప్రభృతులు యానాములో ఫ్రెంచి పాలనను తొలగించిరి. ఆ నవంబరు 1న ఫ్రెంచి స్థావరములన్నిటి పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను. అయినను 1956 మే 28న సంధి వ్రాయబడుటయు, 1962 ఆగస్టు 16న అది అమలునకు వచ్చుటయు జరిగినదాక, కాగితముమీద యానాము ఫ్రెంచి నేలయే.

నేడు గోదావరి యొడ్డున నిలిచి చూచినవారికి విశాలమైన నీటిపరపును, ఎదుర్లంక వైపు సాగిన వంతెనయు కనబడును. 19వ శతాబ్దిలో కట్టిన కతోలిక దేవాలయమును మేము చూచితిమి. గోడలు ఐరోపా తీరున నున్నవి. లోపలి ప్రార్థన తెలుగే. 1965 నాటి పుదుచ్చేరి భాషాచట్టమును యానాము కార్యాలయములలో తెలుగు వాడుకకు చోటిచ్చినది.

సంధిలో నింకొక నిబంధన కలదు. ఫ్రెంచి స్థావరములలో పుట్టి అచ్చటనే కాపురమున్నవారు, అది అమలైన ఆరు నెలలలో వ్రాతమూలకముగ కోరినచో ఫ్రెంచి పౌరులుగనే యుండవచ్చును. అట్లు కోరుకొన్నవారి సంతతి పుదుచ్చేరిలో నేటికిని కలదు.