ట్యాగు వేరు, ఎలిమెంటు వేరు

వెబ్ పేజీలు రాయడం నేర్పే పాఠాల్లో ట్యాగు, ఎలిమెంటు అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. పేరా మొదలైందని చెప్పే గుర్తు ఒక ట్యాగు, ముగిసిందని చెప్పే గుర్తు ఇంకో ట్యాగు. ఆ రెండూ, వాటి నడుమనున్న వాక్యాలూ కలిస్తే ఎలిమెంటు. హద్దురాళ్లు ట్యాగులైతే పొలం ఎలిమెంటు.

రాయి పాతకపోయినా పొలం ఉంటుంది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో పేరా ముగింపు ట్యాగు రాయకున్నా, తర్వాతి పేరా మొదలవగానే ముందుది ముగిసిందని బ్రౌజర్ గ్రహిస్తుంది. హెడ్, బాడీ ట్యాగులు అసలే లేకున్నా ఆ ఎలిమెంట్లను తానే కల్పించుకుంటుంది. 1998లో వచ్చిన మరో ట్యాగుల భాష ఎక్స్‌ఎంఎల్‌లో ఈ వెసులుబాటు లేదు.

అంతకన్నా పెద్ద ప్రశ్న, ఎలిమెంటును దేన్నిబట్టి నిర్వచించాలన్నది. ఒకప్పుడు కంప్యూటర్‌కు ‘ఇక్కడ అక్షరం పెద్దది చెయ్యి, ఇక్కడ లైను వదులు’ అని ఆదేశాలిచ్చేవారు. 1969లో ఐబీఎంలో ఛార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ రూపొందించిన జీఎంఎల్ పద్ధతి వేరు. ఇది శీర్షిక, ఇది పేరా అని మాత్రమే చెబుతుంది. ఎలా కనబడాలన్నది విడిగా తేల్చుకోవచ్చు. 1986 నాటి ఎస్‌జీఎంఎల్ ప్రమాణానికి మూలం అదే. వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన హెచ్‌టీఎంఎల్‌కు ఆ ప్రమాణమే ఒరవడి.

తర్వాత బ్రౌజర్లు ఫాంట్ ట్యాగును తెచ్చి దారి తప్పించాయి. అది రాత రూపం గురించే తప్ప విషయం గురించి ఏమీ చెప్పదు. దాని దెబ్బ తెలుగుకు గట్టిగా తగిలింది. అప్పటి తెలుగు సైట్లు చాలావాటిలో లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. పైన తెలుగు బొమ్మలు తొడిగింది ఫాంటు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపించేవి. తెలుగు మాట టైపు చేసి వెతికితే దొరికేది కాదు. ప్రతి లిపి అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ వాడుకలోకి వచ్చాకే ఆ బెడద తీరింది. ఫాంట్ ట్యాగును 1997లో హెచ్‌టీఎంఎల్ 4 వద్దంది, హెచ్‌టీఎంఎల్ 5 పూర్తిగా తోసిపుచ్చింది. మంచి పని చేశారు.

విషయాన్ని చెప్పే ఎలిమెంట్ల అవసరం ఇప్పటికీ ఉంది. చూపులేనివారు తెరమీది రాతను పైకి చదివే స్క్రీన్ రీడర్‌తో ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు దూకుతూ చదువుతారు. అక్షరాలు లావుచేసి శీర్షికలా కనిపింపజేస్తే ఆ సాధనానికి అది శీర్షిక కాదు. తెలుగులో పేజీలు తయారుచేసేవారికి నా విన్నపం: శీర్షికకు శీర్షిక ఎలిమెంటే వాడండి. పేజీ మొదట్లో భాష తెలుగని తెలిపే ‘టీ, ఈ’ రెండక్షరాల సంకేతం తప్పక రాయండి. తెలుగు గొంతుతో చదవాలని స్క్రీన్ రీడర్‌కు తెలియడానికి అది తోడ్పడుతుంది.