బ్రౌజరులోని బుంగను పూడ్చుట ఎట్లు?

హఫీజ్‌పేట రైల్వే స్టేషనులో దిగి దక్షిణముగా పోయినచో కొండాపూర్, ఆపైన మాదాపూర్, గచ్చిబౌలి వచ్చును. ఒకప్పుడు గ్రామమైన హఫీజ్‌పేట 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసినది. క్రోమ్ బ్రౌజరును తయారుచేయు గూగుల్‌కును, ఎడ్జ్‌ను తయారుచేయు మైక్రోసాఫ్ట్‌కును ఈ చుట్టుపట్ల పెద్ద కార్యాలయములు గలవు. ఇందరు నిపుణులుండగా బ్రౌజరులో లోపములేల యుండవలెనని పంచాయతీ సభ్యులు అడుగవచ్చును.

ప్రశ్న సమంజసమే. బ్రౌజరు అనగా ఇంటర్నెట్టులోని పుటలను తెరచి చూపు సాధనము. అది కోటికి మించిన పంక్తుల ఆదేశములతో నిర్మితమైనది. ఎంత గట్టిగా పోసిన చెరువు కట్టకైనను ఎండ్రకాయ బొరియ చేయక మానదు గదా! తీవ్రమైన లోపము గల బ్రౌజరులో, దొంగలు పన్నిన పుటను తెరచిన మాత్రముననే, మనము దేనిని నొక్కకున్నను, వారి ప్రోగ్రాము కంప్యూటరులో ప్రవేశింపవచ్చును. ఇంటి కంప్యూటరే గదా యని ఉపేక్షింపరాదు. దానిలోనే సర్పంచి గారు ఈ-గ్రామ స్వరాజ్ లెక్కలు తెరచి, డిజిటల్ సంతకముతో చెల్లింపులను ఆమోదించుచున్నచో ప్రమాదము పంచాయతీ నిధికే వచ్చును.

లోపము బయటపడగానే కంపెనీలు సవరణను విడుదల చేయును. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ 2004 నుండి ఇట్టి వానిపై హెచ్చరికలు చేయుచున్నది. అయితే సవరణ వెలువడుట, బుంగ ఎచ్చట నున్నదో దండోరా వేయుట వంటిది. రైతు వినును, దొంగయు వినును. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపమునకు సవరణ నిచ్చినది. దానిని వేసికొనని కంప్యూటర్లపై మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విరుచుకుపడినది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు సైతము దాని వాత బడినవి. అది బ్రౌజరు లోపము కాదు గాని, జాగు చేసిన ఫలము ఒక్కటే.

మాకు తరచు కనబడు పొరపాటు మరియొకటి గలదు. క్రోమ్ సవరణను తనంత తానే దింపుకొనును. కాని బ్రౌజరును పూర్తిగా మూసి, మరల తెరచిన పిమ్మటనే అది అమలులోనికి వచ్చును. వారముల తరబడి బ్రౌజరును మూయని యిండ్లు అనేకము. పై మూలనున్న మూడు చుక్కలను నొక్కి, ‘సహాయం’ లోని ‘గూగుల్ క్రోమ్ గురించి’ అను చోట చూచినచో సంగతి తెలియును. ఏదో పుటలో హఠాత్తుగా ‘మీ బ్రౌజరు పాతబడినది, ఇచ్చట నొక్కుడు’ అని కనబడినచో నమ్మరాదు. అది మోసము.

విండోస్ 7కు క్రోమ్ క్రొత్త వెర్షన్లు 2023లోనే ఆగినవి. విండోస్ 10కి సాధారణ ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అట్టి పాత యంత్రముపై పంచాయతీ పని చేయవలదు.

అనుమానము కలిగినచో ముందుగా కంప్యూటరుకు ఇంటర్నెట్టు తీసివేసి, వేరొక సాధనము నుండి పాస్‌వర్డులను మార్చవలెను. డబ్బు పోయినచో బ్యాంకునకును, 1930 నంబరునకును వెంటనే తెలుపవలెను. మొదటి గంటలలో తెలిపినచో సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అవకాశ మెక్కువ.