పాత సినిమా పోస్టర్ల సేకరణ

పాత సినిమా పోస్టర్ల సేకరణ అనగా సినిమాల ప్రచారం కొరకు ముద్రించిన గోడపత్రికలను వెదకి భద్రపరచే వ్యాపకం. రైలు, విమాన ప్రయాణాల ప్రకటనలు, టీ, సోడా, శీతల పానీయాల పోస్టర్లు, ఎనామిల్ రేకులు కూడా ఈ కోవకే చెందుతాయి. అయితే తెలుగువారి సేకరణలలో పెద్దపీట సినిమాదే.

నేపథ్యం

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో పారిస్‌లో జూల్స్ షెరే రంగుల శిలాముద్రణతో నాటకశాలలకు, పానీయాలకు పోస్టర్లు వేశాడు. అక్కడి అభిమానులు గోడల మీద తడి ఆరకముందే వాటిని ఊడదీసి దాచుకునేవారట. మన దేశంలో బాబూరావు పెయింటర్ 'కళ్యాణ్ ఖజినా' (1924)కు వేసిన పోస్టరు తొలినాటి వాటిలో ఒకటి.

తెలుగు చిత్రాలు చాలాకాలం మద్రాసులో తయారయ్యేవి. పోస్టర్లు మద్రాసు, శివకాశి ముద్రణాలయాలలో అచ్చయి, విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీదారుల ద్వారా ఊళ్ళకు చేరేవి. పాలకొల్లుకు చెందిన ఈశ్వర్ 'సాక్షి' (1967)తో మొదలుపెట్టి రెండు వేలకు పైగా చిత్రాలకు ప్రచార చిత్రకారుడిగా పనిచేశాడు. ఆయన 2021లో మరణించాడు. ఆయన రచించిన 'సినిమా పోస్టర్' ఈ రంగంలో అడుగుపెట్టేవారు తప్పక చదవదగిన పుస్తకం.

అరుదు కావడానికి కారణాలు

పోస్టరు ఆయుష్షు సినిమా మారేదాకానే. మైదా జిగురుతో అంటించిన కాగితాన్ని వాన తడిపేది, ఆవులు పీకి తినేవి (అందుకే జిగురులో మైలుతుత్తం కలిపేవారు), మిగిలినదానిపై మరో పోస్టరు పడేది. అంటించకుండా గోదాములలో మడతపడి ఉన్నవి కూడా చాలావరకు తూకానికి పోయాయి. ఈ నష్టం కేవలం అలంకారానికి సంబంధించినది కాదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యం కావడం లేదు. 1931 సెప్టెంబరు 15గా చలామణీ అయిన దాని విడుదల తేదీ 1932 ఫిబ్రవరి 6 అని రెంటాల జయదేవ నిరూపించినది సెన్సారు వివరాలు, నాటి పత్రికల వంటి కాగితపు ఆధారాలతోనే.

హైదరాబాదులో

పురానాపూల్ సమీపాన గురువారం జరిగే జుమేరాత్ బజారు, ఆబిడ్స్‌లో ఆదివారపు పాత పుస్తకాల కాలిబాట సేకర్తలకు పరిచితమైన చోట్లు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు పెరిగాయి. అక్కడి కొన్ని భోజనశాలల గోడలపై 'మాయాబజార్' (1957) వంటి చిత్రాల పోస్టర్లు కనిపిస్తాయి. వీటిలో అధికభాగం నకళ్ళు. అలంకారానికి నకలు చాలు, దానిని అసలుగా అమ్మడమే చిక్కు.

అసలును గుర్తించడం

సాధారణ పోస్టరు సుమారు 30×40 అంగుళాలు. అడుగు అంచున ముద్రణాలయం పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. నకలులో ముందుగా అలికినట్లయ్యేవి ఆ అక్షరాలే. శిలాముద్రణలో భూతద్దం కింద క్రమబద్ధమైన చుక్కల వరుసలు కనిపించవు. ఆఫ్‌సెట్ ముద్రణలో కనిపిస్తాయి. మడతగీత కంటికి కనబడుతూ వేలికి తగలకపోతే అది నకలే.

భద్రపరచడం

ఈ కాగితంలోని ఆమ్లం వల్ల అది పసుపుబారి పెళుసవుతుంది. సెల్లోటేపు, లామినేషన్ మేలుకంటె కీడే ఎక్కువ చేస్తాయి. చిరుగులకు వెనుకవైపున పలుచని జపాను కాగితాన్ని గోధుమ గంజితో అంటించడం మేలు, ఎందుకంటే అవసరమైతే తడిపి తీసివేయవచ్చు. పోస్టరు కొన్నంత మాత్రాన పునర్ముద్రణ హక్కు రాదు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడి మరణానంతరం 60 ఏళ్ళు ఆ హక్కు నిలిచి ఉంటుంది.