టేకు చేపల దంతాకృతిలో లింగభేదం: శిలాజ జాతుల నిర్ణయం

వ్యాససంగ్రహం: టేకు చేపలలో మగవాటి పళ్ళు, ఆడవాటి పళ్ళు తరచు భిన్నంగా ఉంటాయి. ఈ భేదానికి కారణాలను, విడి దంతాల ఆధారంగా శిలాజ జాతులను నిర్ణయించడంపై దాని ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

1. ప్రవేశిక:
సొరచేపల వలె టేకు చేపలు కూడా మృదులాస్థి చేపలే. ఆంధ్ర తీరంలో వీటికి ఉన్న పేర్లు శాస్త్రగ్రంథాలకు ఎక్కడం కొత్త కాదు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలను వర్ణిస్తూ 1803లో ప్రచురించిన గ్రంథంలో 'టెంకీ' అన్న పేరుతో కొన్ని టేకులు కనిపిస్తాయి. వీటి అస్థిపంజరం మృదులాస్థి కావడం వల్ల శిలాజంగా నిలవడం అరుదు. దృఢమైన పళ్ళు మాత్రం నిలుస్తాయి. అవి జీవితాంతం రాలుతూ, వాటి స్థానంలో కొత్తవి వస్తూ ఉంటాయి.

2. భేద స్వరూపం, కారణం:
అనేక జాతులలో ఆడ చేపల పళ్ళు, ఎదగని మగ పిల్లల పళ్ళు చదునుగా, నాపరాళ్ళు పరచినట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. పీతలు, నత్తల వంటి గుల్లజీవులను నలపడానికి అవి అనువైనవి. ఎదిగిన మగవాటి పళ్ళకు మాత్రం లోపలికి వంగిన మొన ఏర్పడుతుంది.

ఆడమగ చేపలు వేర్వేరు ఆహారం తినడమే ఈ భేదానికి కారణమని ఒక వాదం. సంగమ సమయంలో మగ చేప ఆడదాని రెక్క అంచును నోటితో పట్టుకొని నిలవవలసి రావడమే కారణమని మరొక వాదం. అట్లాంటిక్ టేకుపై కజియురా, ట్రైకస్ 1996లో ప్రచురించిన అధ్యయనం రెండవ వాదానికి బలమిచ్చింది. సంతానోత్పత్తి ఋతువులో మగవాటికి మొనదేలిన పళ్ళు వచ్చి, ఋతువు ముగిశాక మళ్ళీ చదునైనవి వస్తున్నాయి. ఆడవాటి పళ్ళు ఏడాది పొడవునా చదునుగానే ఉన్నాయి. అంటే ఒకే మగ చేప ఒకే ఏడాదిలో రెండు రకాల పళ్ళను రాల్చగలదు.

3. తెలంగాణ శిలాజాలు:
దక్కన్ లావా పొరలతో ముడిపడిన ఆసిఫాబాద్, మర్రేపల్లి అవక్షేపాలలో టేకుల విడి పళ్ళు లభించాయి. ప్రసాద్, కపెట్టా 1993లో వీటిని వర్ణించారు. వాటిలోని ఇగ్డబాటిస్ ప్రజాతి, ఆ పొరలు క్రెటేషియస్ యుగాంతానికి చెందినవనడానికి ఒక ఆధారమైంది. కనుక పంటి గుర్తింపులో పొరపాటు జరిగితే అది రాతిపొరల కాలనిర్ణయం వరకు పాకుతుంది.

ఇగ్డబాటిస్ పళ్ళు గద్ద టేకుల పళ్ళవలె పలకల రూపంలో ఉంటాయి. నేటి గద్ద టేకులలో లింగభేదం అంత స్పష్టంగా ఉండదు కాబట్టి ఇక్కడ ప్రమాదం తక్కువ. అదే అధ్యయనంలో వర్ణితమైన రాజా ప్రజాతి విషయం వేరు. ఆ ప్రజాతికి చెందిన నేటి చేపలలో మగవాటి పళ్ళు మొనదేలి, ఆడవాటివి చదునుగా ఉండడం ప్రసిద్ధం.

4. ముగింపు:
ఒకే పొరలో మొనదేలిన పన్ను, చదునైన పన్ను దొరికినంత మాత్రాన రెండు జాతులుగా లెక్కించడం సరికాదు. లింగం, వయస్సు, ఋతువు, దవడలో పంటి స్థానం అనే నాలుగింటినీ సజీవ బంధు జాతులతో పోల్చి చూసిన తరువాతనే కొత్త జాతిని ప్రతిపాదించడం సమంజసం.