మలేషియాలో పాత చెక్క ఇళ్ళు – రింబున్ దహన్

మలేషియా వెళ్ళొచ్చినవాళ్ళను ఏం చూశారని అడిగితే పెట్రోనాస్ జంట భవనాలు, బాతు గుహలు అంటారు. మన సంచిక కోసం నేను వేరే చోటు గురించి రాస్తున్నాను. పాలిటెక్నిక్‌లో సివిల్, ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడు చదువుతున్న తమ్ముళ్ళు దీన్ని తప్పక చదవాలి.

కౌలాలంపూర్‌కు వాయవ్యంగా, సెలంగోర్ రాష్ట్రంలో కువాంగ్ అనే ఊరుంది. అక్కడ లోకల్ రైలు ఆగుతుంది. ఆ ఊరి దగ్గర 14 ఎకరాల తోటలో ఉన్న కళాకేంద్రం పేరు రింబున్ దహన్. పేరు విని కంగారు పడకండి, మన 'దహనం'తో దీనికి సంబంధం లేదు. మలయ్ భాషలో దహన్ అంటే కొమ్మ, రింబున్ అంటే ఆకులతో గుబురుగా ఉన్నది. హిజ్జాస్ కస్తూరి అనే ఆర్కిటెక్టు, ఆయన భార్య ఏంజెలా దీన్ని నెలకొల్పారు. కౌలాలంపూర్‌లో వెదురు మొలక ఆకారంలో 310 మీటర్లు లేచిన టెలికాం టవర్ ఆయన డిజైనే. అంత ఎత్తు కట్టడాలు గీసిన మనిషి తన ఆవరణలో మాత్రం రెండు పాత చెక్క ఇళ్ళు తెచ్చి నిలబెట్టుకున్నాడు. ఒకటి పెరాక్ రాష్ట్రంలో 1901లో కట్టిన ఉదా మనప్ ఇల్లు, రెండోది పెనాంగ్ వైపు నుంచి తెచ్చినది.

ఇంటిని 'తేవడం' ఏమిటని మీకు అనుమానం రావచ్చు. అసలు విషయం అక్కడే ఉంది. పాత మలయ్ ఇల్లు భూమిలో పాతుకున్నది కాదు. స్తంభాలను గుంటలో పూడ్చకుండా రాతి దిమ్మెల మీద నిలబెడతారు. అందువల్ల చెమ్మ ఎక్కదు, చెదలు తొందరగా పట్టవు. ఒక కర్ర కొనను సన్నగా చెక్కి, రెండో కర్రకు తొలిచిన రంధ్రంలో దూర్చి, సందులో చెక్క చీల బిగిస్తారు. ఇనుప మేకుల అవసరం పెద్దగా ఉండదు. చీల ఊడదీస్తే కర్ర వస్తుంది. ముక్కలకు గుర్తులు వేసి, విప్పి, ఇంకోచోట అదే వరసలో బిగిస్తే మళ్ళీ అదే ఇల్లు. ఇల్లు చిన్నదైతే విప్పే పని కూడా లేదు. పల్లెల్లో ఊరంతా కూడి ఇంటిని భుజాల మీద మోసుకుపోయే ఆచారం ఉండేది!

మనవైపు తాటాకింటికి మధ్యలో నిట్టాడు ఉన్నట్టే వాళ్ళకూ ఒక ముఖ్య స్తంభం ఉంటుంది. దాన్ని 'తియాంగ్ సెరి' అంటారు. కొలతలకు టేపు లేదు, మూర, బారలతోనే. ముందు వసారా, లోపల పెద్ద గది, వెనుక వంటిల్లు. ఇల్లు నేలకు ఎత్తులో ఉంటుంది కాబట్టి వరద నీరు, పాములు లోపలికి రావు, కింది నుంచి గాలి కూడా ఆడుతుంది. వాళ్ళు నేలమీద కూర్చుంటారు, అందుకని కిటికీలు కూడా నేలదాకా దిగుతాయి. గోడ పైభాగంలో చెక్కిన జాలీల గుండా వేడి గాలి బయటికి పోతుంది. అందానికి చెక్కారనుకుంటాం గానీ అది ఫ్యాను చేసే పని. నిపా అనే తాటిజాతి చెట్టు ఆకుల కప్పు వేడిని దాచుకోదు. తరువాత రేకులొచ్చాయి. రేకుల కింద మే నెల గడిపినవాళ్ళకు ఆ తేడా నేను చెప్పనక్కర్లేదు.

తోట కూడా ఊరికే అందానికి వేసింది కాదు. ఆగ్నేయాసియాలో పుట్టిన చెట్లకే అక్కడ పెద్దపీట. ఆ దేశంలో దారి పొడవునా కనిపించే రబ్బరు బ్రెజిల్ నుంచి, ఆయిల్ పామ్ పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవి. ఆ తోటల పనికే బ్రిటిష్‌వాళ్ళ కాలంలో మనవాళ్ళనూ ఓడల్లో తీసుకుపోయారు. పెరాక్‌లోని బగాన్ దాతు ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక మాట చెప్పాలి. 1901లో అంత కలపతో ఇల్లు కట్టించుకోగలిగింది ఉన్నవాళ్ళే. మన కూలీలు ఉన్న 'లైన్' ఇళ్ళను విప్పి తెచ్చి తోటలో నిలబెట్టినవాళ్ళు నాకు కనిపించలేదు.

1994 నుంచి ఇక్కడ కళాకారులకు ఉండటానికి, బొమ్మలు వేసుకోవడానికి చోటిస్తున్నారు. మలేషియా, ఆస్ట్రేలియా చిత్రకారులు నెలల తరబడి ఉండి పనిచేశారు. నాట్యకారులూ వస్తారు. నేల కింద కట్టిన గ్యాలరీలో ప్రదర్శనలు జరుగుతాయి. ఇది ఒకరి సొంత నివాసం కూడా కనుక ముందుగా అనుమతి తీసుకునే వెళ్ళాలి. చెక్క ఇంటి మెట్లెక్కే ముందు చెప్పులు విడవాలి. దోమలుంటాయి, నిండు చేతుల చొక్కా మంచిది.

మనలో చాలామంది దరఖాస్తు ఫారంలో ఇంటి రకం దగ్గర 'కచ్చా' అని రాసి వచ్చినవాళ్ళమే. కురిసే గుడిసెలోకి తిరిగి పొమ్మని నేను అనను. అమ్మానాన్నలకు పక్కా ఇల్లు కావాల్సిందే. కానీ ఉత్తరాంధ్ర చుట్టిల్లు తుఫాను గాలికి ఎందుకు నిలుస్తుందో, మట్టిగోడ ఎంత మందం ఉంటే ఇల్లు చల్లగా ఉంటుందో మన తాతలకు తెలుసు. సివిల్ చదివే తమ్ముళ్ళు సెలవులకు వెళ్ళినప్పుడు ఒక పాత ఇంటిని కొలిచి, నోటుబుక్కులో బొమ్మ గీసి తెస్తే వచ్చే సంచికలో వేద్దాం. మలేషియా దాకా పోనక్కర్లేదు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో ఇలాగే పాత ఇళ్ళు నిలబెట్టారు, మన తెలుగువాళ్ళ ఇళ్ళు కూడా వాటిలో ఉన్నాయి. ఈ ఏడు విహారయాత్ర చెన్నైకే అనుకుంటే వార్డెన్ గారిని అడిగి ఒక పూట దానికి కేటాయించండి.